హెడ్‌సెట్ తీసిన ఆదివారం

ఫిబ్రవరి 9, ఆదివారం

నోరు జారలేదు. కావాలనే అన్నాను. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటున్నాను, రేపు ఎవరు ఎలా అడిగినా నేను మాట మార్చకుండా.

మధ్యాహ్నం బాస్కెట్‌బాల్ ఆట, టీవీలో వ్యాఖ్యానం చెప్పేది నేనే. టాల్‌గ్రాస్ యూనివర్సిటీ అమ్మాయిలు సొంత కోర్టులో ఆడుతున్నారు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఈ ఆట, ఇంకో రెండు మూడు గెలిస్తే మార్చిలో పెద్ద టోర్నమెంటుకి వెళ్తారు. నేను చదివిన కాలేజీ, నేను ఆడిన కోర్టు. పైకప్పు కింద నా పాత జెర్సీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని కింద కోచ్‌గా నిలబడేది ట్వైలా. ఆ జెర్సీతో నేను వేసిన బాస్కెట్లలో సగానికి బంతి అందించిన చెయ్యి ఆమెదే.

మూడో క్వార్టర్లో కెన్నా పడింది. టాల్‌గ్రాస్‌కి ఈ ఏడాది ఆటంతా ఆ పిల్లే. బంతి కోసం ఇద్దరు ఎగిరారు, అవతలి పిల్ల మోచెయ్యి కెన్నా కణతకి తగిలింది, కిందపడేటప్పుడు తల వెనకభాగం నేలకి కొట్టుకుంది. ఆ చప్పుడు హెడ్‌సెట్ పెట్టుకున్నా నాకు వినపడింది. జట్టు వైద్యుడు వచ్చాడు. వేళ్ళు చూపించాడు, ఏదో అడిగాడు, కెన్నా నవ్వి తలూపింది. కాసేపు బెంచి మీద కూర్చుంది. నాలుగో క్వార్టర్లో ట్వైలా మళ్ళీ లోపలికి పంపింది.

టైమౌట్ వచ్చినప్పుడు కెన్నా అవతలి జట్టు బెంచి వైపు నడిచింది. తోటి పిల్ల భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. జనం నవ్వారు. పక్కన నాతోపాటు వ్యాఖ్యానం చెప్పే డెస్మండ్ కూడా నవ్వి మైకులో ఏదో జోకు వేశాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాత ఎవరూ అడ్డురాని ఫ్రీ త్రో వెయ్యడానికి నిలబడి, ఆ రింగుని పుట్టాక మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఈ ఐయోవా రాష్ట్రం మొత్తంలో ఫ్రీ త్రోల్లో ఆ పిల్లని కొట్టేవాళ్ళు లేరు. బంతి రింగుని తాకను కూడా లేదు.

"ట్వైలా, ఆ పిల్లని బయటికి తియ్యి," అన్నాను మైకులో. డెస్మండ్ నా కాలు తొక్కాడు. మళ్ళీ అన్నాను. అప్పుడు వెలిగింది బుర్రలో: రాష్ట్రమంతా నన్ను వింటోంది గానీ, వినాల్సిన మనిషికి మాత్రం వినపడదు. హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, లేచి, బెంచి దగ్గరికి వెళ్ళాను.

"ఏమే, పిచ్చెక్కిందా నీకు? పోయి నీ కుర్చీలో కూర్చో," అంది ట్వైలా.

"దానికి ఎటు పోవాలో తెలీట్లేదే. ఒక్కసారి దాని కళ్ళు చూడు."

"నా జట్టు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ నోటి సంగతి చూసుకో."

ఈలోగా రిఫరీ వచ్చాడు. నన్ను వెళ్ళగొట్టడానికే వచ్చి ఉంటాడు. కానీ నా వేలు ఎటు చూపిస్తోందో అటు చూసి, కెన్నా దగ్గరికి వెళ్ళి ముఖంలోకి చూసి, బయటికి పంపేశాడు. ఆమె లేకుండా మిగతా ఆట ఆడారు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

వెళ్ళేటప్పుడు ట్వైలా నా వైపు చూడలేదు. హడావుడిలో చూసుకుని ఉండదు.


ఫిబ్రవరి 10, సోమవారం

ఛానెల్ నుంచి మా బాస్ వారెన్ ఫోన్ చేశాడు. ఎప్పటిలా చాలా తియ్యగా మాట్లాడాడు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. నాకు అలసటగా లేదన్నాను. తీసుకోమన్నాడు.

నేను కోర్టు పక్కన నడిచి వెళ్ళే వీడియో దేశమంతా తిరుగుతోందట. ఆర్లెన్‌కి చూపించాను. ముప్ఫై ఏళ్ళు పందుల పెంపకం చేసిన మనిషి, పందులతో మాట్లాడినంత మాతో మాట్లాడడు. రెండుసార్లు చూసి, "మోకాలు నొప్పెడుతోందా?" అని అడిగాడు. వీడియోలో కుంటుతున్నానట. అంతే. ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి రుణపడి ఉన్నాను.

ట్వైలాకి ఇవాళ మీటింగులుంటాయి. సోమవారం కదా.


ఫిబ్రవరి 11, మంగళవారం

ట్వైలా ఫోన్ చెయ్యలేదు. నేనేం ఎదురుచూడటం లేదు.


ఫిబ్రవరి 12, బుధవారం

యూనివర్సిటీ వాళ్ళు ప్రకటించారు. కెన్నాకి పరీక్షలన్నీ చేశారట, అన్నీ సరిగ్గా ఉన్నాయట, ఆదివారం ఆడుతుందట. సాయంత్రం వార్తల్లో కెన్నానే మాట్లాడింది. "నాకేమీ కాలేదు. మా సీజన్‌కి అయింది. ఆడటం మానేసినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి," అంది.

మంచిదే. పిల్ల బాగుంది, అదేగా కావాల్సింది.

సరుకులకి వెళ్తే గుడ్ల దగ్గర ఒకాయన నన్ను చూసి ఒక వేలు పైకెత్తాడు. ఒక్క పాయింటు. డబ్బులు కట్టే చోట ఇంకొకావిడ అదే వేలు. పార్కింగ్‌లో నా జెర్సీ మీద ఒకప్పుడు సంతకం పెట్టించుకున్న పెద్దావిడ ఎదురైంది. ఆవిడ వేలు చూపించలేదు. "అలా చేశావేంటమ్మా," అని మాత్రం అడిగింది. వేలే నయం అనిపించింది.

ఇంటికొచ్చాక గుడ్లు మర్చిపోయానని తెలిసింది.


ఫిబ్రవరి 13, గురువారం

డెస్మండ్ వచ్చాడు. మంచులో కారు గీతలు పడేలా మా వాకిట్లోకి తోలి, ఒక చేత్తో మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన చిల్లీ గిన్నె, ఇంకో చేత్తో దాల్చినచెక్క రొట్టెల డబ్బా పట్టుకుని దిగాడు. స్కూల్లో ఆట ఉన్న రోజుల్లో ఈ రెండే కదా పెట్టేవాళ్ళు. చిల్లీలో రొట్టె ముంచుకు తినడం చూసి మా ఛానెల్లో న్యూయార్క్ వాళ్ళు ముఖాలు పెట్టేవాళ్ళు.

ఎన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నామో. కాలేజీలో అతనూ స్టారే, మా పక్క రాష్ట్రంలో. ఫైనల్లో ఆఖరి షాట్ పోగొట్టినవాడిగానే జనం ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు. నేను కనీసం వారానికోసారి టీవీలో గుర్తుచేస్తాను. నా జుట్టు గురించీ, నేను స్కూల్లో ఆడిన పాతకాలపు ఆరుగురి ఆట గురించీ అతనంటాడు. ఆ తిట్లు వినడానికే జనం టీవీ పెట్టుకుంటారని వారెన్ చెప్తుంటాడు.

ఆదివారం తన పక్కన కొత్త అమ్మాయిని కూర్చోబెడుతున్నారని చెప్పాడు. మంచి ఆటగత్తె, రెండేళ్ళ కిందటే ఆట మానేసిందట. చాలా మర్యాదగా మాట్లాడుతుందట. "మర్యాదగా అంటే?" అన్నాను. "నీలా కాకుండా," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ ఇంట్లో ఈ వారం మొదటి నవ్వు.

తినడం అయ్యాక చాలాసేపు స్పూనుతో గిన్నె గీకుతూ కూర్చున్నాడు.

"నేను జోకు వేశాను మార్లిస్. ఆ పిల్ల దారి తప్పి నడుస్తుంటే నేను జోకు వేశాను. నాకూ కళ్ళున్నాయిగా."

నువ్వు ఆట చూస్తున్నావు, నేను పిల్లని చూస్తున్నాను, అదొక్కటే తేడా అన్నాను. అతన్ని ఊరడించడానికి అన్నానో నన్ను నేను ఊరడించుకోడానికో. ఎందుకంటే పరీక్షల్లో ఏమీ లేదని డాక్టర్లే చెప్పారు. నేను డాక్టర్ని కాను. ఆ పిల్ల ఊరికే అలసిపోయి ఉండొచ్చు. ఫ్రీ త్రో ఎవరికైనా పోవచ్చు.

గిన్నె వదిలేసి వెళ్ళాడు. అందులో ఇంకా రేపటికి సరిపడా ఉంది. ఇలాంటివాడు పక్క కుర్చీలో దొరకడం నా అదృష్టం. ఆ మాట అతనితో అంటే జీవితాంతం టీవీలో వాడుకుంటాడు.


ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున నిద్ర లేవగానే ఆ జిమ్ గుర్తొచ్చింది.

మా హైస్కూల్ రోజుల్లో ఇక్కడ ఆడపిల్లలది ఆరుగురి ఆట. ముగ్గురు షూట్ చేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు. మధ్య గీత దాటకూడదు. నేను షూట్ చేసే సగంలో పుట్టి పెరిగాను. కాలేజీకి వస్తే ఐదుగురి ఆట. కోర్టంతా పరిగెత్తాలి, ఎదుటివాళ్ళని అడ్డుకోవాలి. నాకు అడ్డుకోవడమంటే ఏంటో తెలీదు. పత్రికల్లో ఫొటోలు వచ్చిన స్టార్‌ని, మొదటి నెలంతా బాత్‌రూమ్‌లో ఏడుపు. ట్వైలా చూసింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే జిమ్ తాళం తీయించి నా ఎదురుగా నిలబడేది. "నా కళ్ళు చూడకు, భుజాలు చూడకు, నడుము చూడు. నడుము అబద్ధం చెప్పదు," అనేది. మంచులో తడిసిన బూట్లతోనే వచ్చేది.

నేను టీవీలో ఎవరి ఆటనైనా విప్పి చెప్తున్నానంటే ఆ పొద్దుటి పూటల వల్లే.

నంబర్ నొక్కాను. మోగకముందే పెట్టేశాను. చెయ్యి జారింది.


ఫిబ్రవరి 15, శనివారం

వారెన్ మళ్ళీ. నేను తిరిగి రావచ్చట, టీవీలో క్షమాపణ చెప్తే చాలట. కుర్చీ వదిలి వెళ్ళినందుకు చెప్తానన్నాను. అది తప్పే, రేపు ఇంకెవడో తాగి కోర్టులోకి వస్తే ఎవరు ఆపుతారు? అది చాలదట. ఆటగాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదనీ, తొందరపడ్డాననీ అనాలట.

రేపు ఆట అయ్యాక చెప్తానన్నాను.

రేపు కెన్నా బాగా ఆడితే వారెన్ చెప్పమన్నట్టే చెప్పేస్తాను. పొరపాటు పడ్డానని ఒప్పుకోవడం నాకేం కష్టం కాదు. బాగా ఆడాలనే కోరుకుంటున్నాను. నిజంగానే కోరుకుంటున్నాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

ఆడలేదు.

జెర్సీ వేసుకుని బెంచి మీదే కూర్చుంది. ట్వైలా చేతులు కట్టుకుని ఆటంతా నిలబడే ఉంది. మూడో క్వార్టర్ నుంచి జనం "కెన్నా, కెన్నా" అని అరవడం మొదలుపెట్టారు. ట్వైలా తల తిప్పలేదు. కెన్నా లేచి దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది. ట్వైలా తలూపలేదు, వేలితో బెంచి చూపించింది. ఓడిపోయారు. టోర్నమెంటు ఆశ దాదాపు పోయినట్టే.

కొత్త అమ్మాయి చక్కగా మాట్లాడింది. ఎవరినీ నొప్పించలేదు. కోచ్‌కి ఏదో కారణం ఉండి ఉంటుందంది. డెస్మండ్ ఒక్క జోకూ వెయ్యలేదు.

ఆట అయ్యాక విలేకరులు ట్వైలాని చుట్టుముట్టారు. డాక్టర్లు సరేనన్నా ఎందుకు ఆడించలేదని అడిగారు. "కోచ్‌ని నేను," అని వెళ్ళిపోయింది.

నా పక్కనే ఆర్లెన్ మొదటి నుంచీ చూస్తున్నాడు. అతనెప్పుడూ ఆట మొత్తం చూడడు.


ఫిబ్రవరి 17, సోమవారం

వారెన్‌కి కుదరదని చెప్పేశాను. ఎందుకని అడిగాడు. ఆడలేదు కదా అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆకలేసింది. రొట్టె కాల్చుకుని తిన్నాను.


ఫిబ్రవరి 18, మంగళవారం

ట్వైలా వచ్చింది.

మధ్యాహ్నం గడ్డపారతో మెట్ల మీద మంచు పగలగొడుతున్నాను. కారు ఆగింది. దిగింది, కానీ గేటు దగ్గరే నిలబడిపోయింది. టోపీ లేదు, జుట్టు నిండా మంచు. లోపలికి రమ్మన్నాను. రాలేదు. నిలబడే చెప్పింది.

శనివారం పొద్దున ప్రాక్టీసులో కెన్నా ఎవరూ లేని మూలకి బంతి విసిరిందట. పిల్లలందరూ నవ్వారట. తర్వాత ట్వైలా దగ్గరికి వచ్చి, ఇవాళ ఆట ఎన్ని గంటలకని అడిగిందట. ఆట రేపని చెప్పింది. కాసేపటికి మళ్ళీ వచ్చి అదే అడిగిందట, మొదటిసారి అడుగుతున్నట్టే. డాక్టర్ కాగితాల్లో మాత్రం అంతా సవ్యంగానే ఉంది. మాటలు, బొమ్మలు గుర్తుపెట్టుకుని చెప్పే ఆ పరీక్ష ఈ పిల్లలకి కొట్టినపిండి అట. సీజన్ మొదట్లో పెట్టేటప్పుడే కావాలని నెమ్మదిగా, తప్పుతప్పుగా జవాబులు చెప్తారట, తర్వాత తలకి దెబ్బ తగిలినా తేడా కనపడకుండా.

"అడిగితే తలనొప్పి లేదంది. నేను నమ్మాలనుకున్నాను, నమ్మాను. గెలుస్తున్నాం కదా. ఇన్నేళ్ళకి గెలుస్తున్నాం కదే," అంది ట్వైలా.

ఆదివారం బెంచి దగ్గర నిలబడి, పంపిద్దామని ఎన్నిసార్లు అనుకుందోనట. టీవీ బల్ల దగ్గర నేను లేను. అయినా ప్రతిసారీ నా గొంతే వినపడిందట. నిన్న ఎవరికీ చెప్పకుండా తన కార్లోనే దిమోయిన్ నగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. స్కాన్ తీశారు. పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా కారుతూ పేరుకుంటోంది. నిన్న సాయంత్రమే చిన్న రంధ్రం పెట్టి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. అదే చోట ఇంకో దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదని ట్వైలా సర్జన్‌ని అడిగిందట.

"ఏమన్నాడు?"

ట్వైలా గేటు పట్టుకుని ఏడ్చింది. కాలేజీలో చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి. నేను గడ్డపార పడేసి వెళ్ళాను. ఇద్దరం లావు కోట్లలో ఉన్నాం, కౌగిలించుకుంటే చేతులు వెనక కలవలేదు.

"వారమంతా నీకు ఫోన్ చెయ్యలేదు," అంది.

"నేనేం ఎదురుచూడలేదులే," అన్నాను.

ముక్కు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, "నీకు అబద్ధాలు ఎప్పుడూ రావే," అంది.

రేపు ఆసుపత్రికి నాతో వస్తావా అని అడిగింది.


ఫిబ్రవరి 19, బుధవారం

దారంతా ట్వైలానే తోలింది. రోడ్డుకి రెండు పక్కలా మంచు కప్పిన మొక్కజొన్న చేలు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. రేడియోలో ఎవడో నా గురించి తిడుతున్నాడు. ట్వైలా కట్టేసింది. వాడు చెప్పేది పూర్తిగా విననీ అన్నాను. మళ్ళీ పెట్టింది. బాగానే తిట్టాడు, కానీ వాగుడెక్కువ.

కెన్నా మంచంలో దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. తలకి ఒక పక్క జుట్టు గీసేసి కట్టు కట్టారు. నన్ను చూసి ఏమంటుందోనని గుమ్మంలోనే ఆగాను. కోపంగా ఉంటే ఉండనీ అనుకున్నాను. కోపగించుకోడానికి మనిషి మిగిలింది, అదే పదివేలు.

"మీ వీడియో చూశాను మేడమ్. మీ నడక అచ్చం బాతు నడకే," అంది.

మోకాళ్ళు రెండూ ఇనుపవి అని చెప్పాను.

"టీవీలో మిమ్మల్ని తిట్టానట. అదీ చూశాను. అన్నట్టు సరిగ్గా గుర్తులేదు. బాగా తిట్టానా?"

"బాగానే తిట్టావు. చిన్న వాక్యం, సూటిగా. నేర్చుకోని వాళ్ళకి అలా రాదు."

నవ్వబోయి, కుట్లు లాగినట్టున్నాయి, కళ్ళు మూసుకుంది. సర్జన్ నిన్న పొద్దున తనక్కడుండగానే వచ్చి వెళ్ళాడని ట్వైలా దారిలో చెప్పింది. ఇక ఆట వద్దన్నాడు. ఈ సీజనే కాదు, ఎప్పటికీ. ఆ మాటకి కెన్నా తలూపిందట, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదట.

దుప్పటి ఆమె భుజాల దాకా లాగాను. తర్వాత కెన్నా కళ్ళు తెరవకుండానే అడిగింది. "నాకు ఆ ఆట అసలు గుర్తులేదు మేడమ్. బూట్లు కట్టుకోవడం గుర్తుంది, తర్వాత ఏమీ లేదు. ఫోన్‌లో ఆటంతా చూద్దామంటే రెండు నిమిషాలకే వెలుగుకి తల పగిలిపోతోంది. మీరు చెప్తారా? టీవీలో చెప్పినట్టు."

కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. మొదటి బంతి ఎవరికి దక్కిందో, కెన్నా మొదటి మూడు పాయింట్ల షాట్ ఎలా వేసిందో. చిన్న గొంతుతో మొదలుపెట్టానుగానీ అలవాటు చొప్పున పెరిగిపోయింది. నర్సు వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. రెండో క్వార్టర్లో అవతలి జట్టు అడ్డుకునే పద్ధతి మార్చారని, దాన్ని ట్వైలా ఆలస్యంగా గమనించిందని చెప్పాను. ట్వైలా కిటికీ దగ్గర నుంచి, గమనించాను, నువ్వు అప్పుడు డెస్మండ్ టై గురించి మాట్లాడుతున్నావు అంది. కెన్నా కళ్ళు మూసుకునే నవ్వింది. బాగా ఆడావు, ఆ సగంలో నిన్ను ఆపినవాళ్ళు లేరు అన్నాను. అది నిజం. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, అంత బాగా ఆడిన సగం ఎక్కువమందిది చూడలేదు. ఆ మాట కూడా చెప్పాను.

పడిపోయిన చోటికి వచ్చేసరికి ఆపాను.

"చెప్పండి," అంది.

చెప్పాను. మోచెయ్యి, నేల, బెంచి, మళ్ళీ రావడం. ఎదుటి జట్టు వైపు నడవడం. అప్పుడు ఫ్రీ త్రో.

"రింగుకి తగల్లేదా?"

"తగల్లేదు."

"అస్సలు?"

"అస్సలు."

ఇక ఎప్పుడూ ఆడొద్దంటే ఏడవని పిల్ల దీనికి ఏడ్చింది. నాకు అర్థమైంది. ట్వైలాకి ఇంకా బాగా అర్థమైంది, మంచం అంచున కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. ముగ్గురం ఆటగాళ్ళమే కదా ఆ గదిలో.

ఇంటికొచ్చేసరికి ఆర్లెన్ బంగాళాదుంపల కూర వేడిచేసి పెట్టాడు. భోజనం ముందు అతని ప్రార్థన పెళ్ళైనప్పటి నుంచి ఒకటే: తిండికి, వానకి, ఇంటికి కృతజ్ఞతలు. ఇవాళ అది అయ్యాక ఆమెన్ అనలేదు. ఆగాడు. "మార్లిస్ నోటికి కూడా," అన్నాడు.

ఆమెన్ అనకుండానే అతని కంచంలో ఇంకో గరిటె కూర వేశాను.


ఫిబ్రవరి 22, శనివారం

ట్వైలానే విలేకరుల్ని పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. తను ఆ పిల్లని లోపలికి పంపడం తప్పని చెప్పింది. నా పేరు కూడా చెప్పింది. చెప్పొద్దని అన్నాను, వినలేదు. వచ్చే ఏడాది ఆమెని ఉంచుతారో లేదో ఎవరికీ తెలీదు. భయంగా లేదా అని అడిగాను. ఉంది, కానీ వారం తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయానంది.


ఫిబ్రవరి 24, సోమవారం

సరుకులకి వెళ్ళాను. గుడ్ల దగ్గర అదే మనిషి. ఈసారి వేలు ఎత్తలేదు, నా బండిలోకి గుడ్ల పెట్టె ఒకటి తీసి పెట్టాడు.


ఫిబ్రవరి 27, గురువారం

వారెన్. ఛానెల్ మొదటి నుంచీ నా వెనకే ఉందట. ఆ మాట అనేటప్పుడు గొంతు వణకలేదు. మెచ్చుకున్నాను. మా చుట్టుపక్కల కాలేజీల మధ్య జరిగే కాన్ఫరెన్స్ పోటీలకి రమ్మన్నాడు. కుర్చీ వదిలినందుకు సారీ చెప్తాను, ఇంకో మాట అనను అన్నాను. సరేనన్నాడు. నాదీ ఒక కోరిక ఉందన్నాను.

కెన్నా నిన్న ఇంటికొచ్చేసింది. వెలుగుకి ఇప్పుడు అంత ఇబ్బంది లేదట. డాక్టర్ కాసేపైతే పరవాలేదన్నాడు.


మార్చి 7, శుక్రవారం

ఓడిపోయారు. అది ముందే రాసేస్తున్నాను, ఇక దాని గురించి రాయను. కెన్నా లేని జట్టు ఎంత ఆడగలదో అంతకంటే ఎక్కువే ఆడారు.

మొదట సారీ చెప్పాను. కుర్చీ వదిలినందుకు. డెస్మండ్ వెంటనే, "ఆ నడక కోసమైనా ఇంకోసారి వదులు," అన్నాడు. నేను అతని ఆఖరి షాట్ గుర్తుచేశాను. మళ్ళీ ఇంటికొచ్చినట్టయింది.

మూడో క్వార్టర్‌కి కెన్నాని తీసుకొచ్చి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. కట్టు కనపడకుండా అల్లిన టోపీ పెట్టుకుంది. వారెన్‌ని నేను కోరింది ఇదే: ఒక్క క్వార్టరే, అతిథిగా. జనం లేచి చప్పట్లు కొట్టారు. పిల్ల బిగుసుకుపోయింది. డెస్మండ్ ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంది, జట్టు ఎలా ఆడుతోందంటే బాగా ఆడుతోందంది. అయ్యో, ఇది కూడా మర్యాదస్తురాలు అయిపోయేలా ఉందే అనుకున్నాను.

అప్పుడు నేను, టాల్‌గ్రాస్ పిల్లలు అలసిపోయారు, అందుకే వెనకబడుతున్నారు అన్నాను.

"అలసట కాదు మేడమ్," అంది కెన్నా. "మీరు బంతిని చూస్తున్నారు. ఎడమపక్క పిల్లని చూడండి. ప్రతిసారీ అక్కడే సందు వదిలేస్తోంది. నాలుగుసార్లయింది. కోచ్ టైమౌట్ అడగాలి. అడగట్లేదు. మొండితనం."

డెస్మండ్ ముఖం మతాబులా వెలిగిపోయింది. నన్ను తప్పుపట్టే మనిషి కోసం ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నాడో. నేను ఎడమపక్క చూశాను. పిల్ల చెప్పింది నిజం. ఐదోసారి కూడా అక్కణ్ణుంచే బాస్కెట్ పడింది. అప్పుడు ట్వైలా టైమౌట్ అడిగింది. "ఇప్పుడా?" అంది కెన్నా మైకులో, రాష్ట్రమంతా వినేలా.

ఆ తర్వాత ఆగలేదు. ఎవరి పాదం ఎటు ఉందో, ఎవరు ఎవరికి భయపడుతున్నారో, బెంచి మీద ఎవరు ఎందుకు అలిగారో అన్నీ చెప్పేసింది. బాగా ఆడిన పిల్లని ఒక్క ముక్కలో మెచ్చుకుంది, ఆడనిదాన్ని ఒక్క ముక్కలో ఉతికేసింది. పక్కన కూర్చుని వింటుంటే నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. జీవితంలో మొదటిసారి మైకు ముందు నోరు మూసుకుని హాయిగా కూర్చున్నాను.

కింద కోర్టులో ఆ పిల్ల ఇక ఎప్పటికీ ఆడదు. అది తలుచుకుంటే గుండె పిండేసినట్టే ఉంటుంది, ఇవాళ కూడా ఉంది. అయినా ఆ గొంతు ఉంది. నా పక్కనే, నా భుజానికి ఆనుకుని, మాట్లాడుతూ ఉంది.

క్వార్టర్ అయిపోయింది. చెవిలో ప్రొడ్యూసర్ గొంతు, అతిథిని పంపెయ్యమని. నాలుగో క్వార్టర్ మొదలైంది. మళ్ళీ అన్నారు, ఈసారి కాస్త గట్టిగా. డెస్మండ్ నా వైపు చూశాడు. నేను ఆట వైపు చూశాను. కెన్నా చెప్తూనే ఉంది.

జనం చాలా గోలగా ఉన్నారు. ప్రొడ్యూసర్ ఏమన్నారో నాకు వినపడలేదు.